అంకమ్మ పాలికిచ్చిన మేకలు

అనగనగా ఒక మెట్ట ఊరు. వానొస్తే పండగ, రాకపోతే ఎండగ, అట్లాంటి ఊరు. పేరు మెరకపాలెం. ఆ ఊళ్ళో పేరయ్య అని ఒకాయన ఉండేవాడమ్మా చిట్టీ. ఆయనకి ఒక సైకిలు, సైకిలు మీద బొరుగుల మూట, ఇంట్లో అంకమ్మ అనే పెళ్ళాం. అంతే ఆస్తి. పెళ్ళాన్ని ఆస్తిలో కలుపుతారా అంటావేమో. పేరయ్య కలుపుతాడు. ఎందుకు కలుపుతాడో చెప్తా, ఊఁ కొడుతూ విను. నిద్రొస్తే మానెయ్, ఏం పర్లేదు.

అంకమ్మ గురవయ్య శెట్టి గారి బట్టీలో బొరుగులు వేయించేది. బొరుగులు ఎట్లా అవుతాయో చూశావా ఎప్పుడైనా? పెద్ద మూకుడులో ఇసక పోస్తారు. కింద ఊక మంట పెడతారు. ఇసక కణకణలాడాక ఉప్పు పట్టించిన బియ్యం గుప్పెడు వేస్తారు. అప్పుడు చూడాలి, చిటపట చిటపటమంటూ మల్లెమొగ్గలు విచ్చుకున్నట్టు లేస్తాయి. ఆ తర్వాత జల్లెడ పడితే ఇసక కిందకి, బొరుగులు పైకి. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ అంకమ్మకి అదే పని. ఆ బొరుగులే పేరయ్య మూటగట్టుకుని ఊరూరా తిరిగి అమ్ముకొచ్చేవాడు.

ఇట్లా ఉండగా శెట్టి గారికి మోకాళ్ళు పట్టేశాయి. బట్టీ ఇంక నా వల్ల కాదు, అమ్మేస్తానన్నాడు. ఊళ్ళో వెంకటసుబ్బయ్య అని పొగాకు బేరం చేసే ఆయన ఉన్నాడు. పొయ్యి పడగొట్టి ఆ షెడ్డులో పొగాకు బేళ్ళు పెట్టుకుంటాను, నాకియ్యమని వెంటబడ్డాడు. శెట్టి గారికేమో మనసొప్పలేదు. అప్పుడు అంకమ్మని పిలిచాడు.

"ఈ పొయ్యి నీ చేతిలో ఉంటే ఆరదమ్మాయ్. మూడో ఉగాది దాకా నీకోసం ఆగుతా. ఆ తర్వాత నన్నేం అనబాక," అని ధర చెప్పాడు.

ఆ ధర వినేసరికి పేరయ్య పట్టుకున్న సైకిలు వదిలేశాడు. పొయ్యి పోతే అంకమ్మకి పని లేదు. పని లేకపోతే బొరుగులు లేవు. బొరుగులు లేకపోతే ఆ సైకిలు తొక్కి ఎక్కడికి పోవాలి? కూలికి పోవాలి, అంతే. అదీ సంగతి.

అంకమ్మ దగ్గర కాస్త కూడబెట్టిన సొమ్ముంది. బట్టీలో ఒక మూలకి కూడా చాలదు. పేరయ్య బంగారం కొందామన్నాడు. వడ్డీకి తిప్పుదామన్నాడు. అన్నీ విని, అంకమ్మ మూడు మేకలు కొనిపించింది. మూడూ ఆడవే, తొలిచూలు కూడా ఈననివి.

కొని ఇంట్లో కట్టెయ్యలేదు. పాలికిచ్చింది. పాలికివ్వడమంటే తెలుసా చిట్టీ? మేక మనది, మేపేది వాళ్ళు. పాడి వాళ్ళది. పిల్లలు పుడితే ఒకటి వాళ్ళకి, ఒకటి మనకి. తల్లి మాత్రం ఎప్పటికీ మనదే. కాయితాలు లేవు, సంతకాలు లేవు. మేక ఏ రోగమో వచ్చి పోయిందనుకో, దాని తోలు తెచ్చి మనకి చూపించాలి. అదొక్కటే కట్టుబాటు.

గుట్టకిందపల్లెలో గాలెమ్మ అని మంచి మనిషి ఉంది. మేకల్ని కన్నబిడ్డల్లాగా చూస్తుంది. మూడూ ఆవిడకే ఇస్తే ఒక్కచోటే కనిపెట్టుకుని ఉండొచ్చని పేరయ్య అన్నాడు. అంకమ్మ జల్లెడ పట్టడం ఆపి ఆయన వంక చూసింది.

"నువ్వు బొరుగులన్నీ ఒక్క ఊళ్ళోనే నిలబడి అమ్ముతావా మావా?"

పేరయ్య మేకల తాళ్ళు పట్టుకున్నాడు. అప్పుడు ఒక మేక గుట్టకిందపల్లె గాలెమ్మకి పోయింది. ఒకటి కాలవపాలెం దీనమ్మకి పోయింది. ఇంకోటి బాటపాలెం నాగూరమ్మకి పోయింది. మూడు ఊళ్ళూ పేరయ్య సైకిలు తిరిగే దారిలోవే. బొరుగులు అమ్ముకుంటూ మేకని పలకరించి వచ్చేవాడు. మేకకి కూడా గుప్పెడు బొరుగులు పెట్టేవాడనుకో, అది అంకమ్మకి చెప్పేవాడు కాదు.

కొన్నాళ్ళకి మేకలు ఈనాయి. కొన్ని ఒంటి పిల్లలు, కొన్ని జంట పిల్లలు. అంకమ్మ ఒక పద్ధతి పెట్టింది. తన వాటాకి ఆడపిల్ల వస్తే ఉంచాలి. మగపిల్ల వస్తే పెంచి అమ్మాలి. అమ్మిన సొమ్ములో ఒక పాలు ఇంటి ఖర్చుకి, ఒక పాలు ఇంకో మేకపిల్ల కొనడానికి, ఒక పాలు పోస్టాఫీసులో వెయ్యడానికి. పోస్టాఫీసులో ఊరికే మగ్గిపోతుందే, అది కూడా పెట్టి మేకలే కొందామని పేరయ్య అనేవాడు. మేకలు మేకలే, ఆ సొమ్ము ఆ సొమ్మే అని అంకమ్మ అనేది. ఎందుకో చెప్పేది కాదు. ఆవిడకి మాటలు తక్కువ, చిట్టీ. మంట దగ్గర పనిచేసే వాళ్ళకి అంతే, నోరు తెరిస్తే పొగ పోతుంది.

ఆ తర్వాత ఏమైందంటే, మేకలకి మంచి కాలమొచ్చింది.

పెద్ద తిరునాళ్ళు దగ్గరపడ్డాయి. పట్నం నుంచి లారీలు వచ్చి గురువారం సంతలో నిలబడ్డాయి. సంతలో బేరం ఎట్లా జరుగుతుందో తెలుసా? పైకి మాట్లాడరు. అమ్మేవాడూ కొనేవాడూ చేతుల మీద తువ్వాలు కప్పుకుంటారు. దాని కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. పక్కనున్న వాడికి ఏమీ తెలియదు. తెలియదు కాబట్టి బయటికొచ్చాక ఎవరికి తోచినంత వాళ్ళు చెప్పుకున్నారు. ఒకడు ఎక్కువ చెప్తే, ఇంకొకడు ఇంకా ఎక్కువ చెప్పాడు. విన్నవాళ్ళకి నిద్రపట్టలేదు.

ఆ సంతలో సైదులు అని బేరగాడు ఉన్నాడు. మాట తేనె. ఈనే మేకల్ని కూడా తోలుకురండి, ఆ డబ్బుతో పొట్టేళ్ళు కొనుక్కోండి, తిరునాళ్ళకి రెట్టింపవుతుందని అందరికీ చెప్పాడు. మెరకపాలెం మెరకపాలెమంతా కదిలిపోయింది. మన పొగాకు వెంకటసుబ్బయ్య అయితే దొడ్డి నిండా పొట్టేళ్ళు కొన్నాడు. బట్టీకని దాచిన సొమ్ము కూడా అందులోనే పోశాడు. వాటికి పసుపు రాసి, మెడలో గజ్జెలు కట్టి, సాయంత్రం పూట ఊరి మధ్యగా నడిపించేవాడు.

టీకొట్టు దగ్గర పేరయ్యకి బతుకు కష్టమైపోయింది. మీ ఆవిడ ఆ మేకల్ని చదివిస్తుందా ఏంటి బావా అని ఒకడు. మేకలకి పింఛను వచ్చేదాకా అమ్మదంటలే అని ఇంకొకడు. పేరయ్య టీ సగంలో వదిలేసి ఇంటికొచ్చాడు. మనవీ అమ్మేద్దామే, ఊరంతా పిచ్చివాళ్ళా అని మంచమ్మీద అటు తిరిగి పడుకున్నాడు.

అంకమ్మ అమ్మనని అనలేదు. ధర బాగుంది, అమ్మాల్సినవి అమ్ముదామంది. పెరిగిన మగపిల్లల్ని అన్నింటినీ అమ్మించింది. మంచి ధరే వచ్చింది. తల్లుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం కదల్లేదు.

"తల్లిని అమ్మితే ఈ ఒక్క గురువారమే మావా. ఆ తర్వాత ఏం తోలుకుపోతాం సంతకి?"

తిరునాళ్ళు అయిపోయాయి. లారీలు వెళ్ళిపోయాయి. అమ్మేవాళ్ళు ఎక్కువై, కొనేవాళ్ళు లేక, పొట్టేళ్ళ ధర జారిపోయింది. వెంకటసుబ్బయ్య ధర మళ్ళీ లేస్తుందని పొట్టేళ్ళకి వేరుశనగ చెక్క కొని పెడుతూ కూర్చున్నాడు. అవి తింటున్నాయి, ఆయన చిక్కిపోతున్నాడు. గజ్జెల చప్పుడు వినపడితే పక్కింటివాళ్ళు కూడా తలుపేసుకునేవాళ్ళు. పాపం.

పేరయ్య ఆ వారం టీకొట్టు దగ్గర రెండు టీలు తాగాడు, రెండూ అడుగుదాకా.

ఊఁ కొడుతున్నావా? ఆఁ, ఇప్పుడు కాస్త బాధపడే చోటొచ్చింది.

ఆ వానాకాలం గుట్టకిందపల్లెలో మేకలకి పారుడు రోగం వచ్చింది. ఊరంతా పాకింది. ఒకనాడు పొద్దున్నే గాలెమ్మ గోనెసంచి నెత్తిన పెట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. గుమ్మంలో దించి, విప్పింది. తల్లి తోలు, దాని పిల్లల తోళ్ళు. నా ప్రాణం పోయినా బాగుండేదమ్మా అని అక్కడే కూలబడి ఏడ్చింది. పేరయ్యకి కూడా కళ్ళు ఆగలేదు. ఆ మేక తన చేతిలో బొరుగులు తిన్న మేక కదా.

అంకమ్మ గాలెమ్మకి మొహం కడుక్కోవడానికి నీళ్ళిచ్చింది. కంచం పెట్టి అన్నం వడ్డించింది. తినేదాకా పక్కనే కూర్చుంది. గాలెమ్మ వెళ్ళేటప్పుడు, పశువుల డాక్టరు వచ్చి సూదులు వేసి, రోగం సద్దుమణిగాక కాలవపాలెం నుంచి ఇంకో మేకపిల్లని పంపుతానంది.

పేరయ్యకి కోపమొచ్చింది. పోగొట్టిన మనిషికే మళ్ళీ ఇస్తావా అన్నాడు.

"రోగం తెచ్చింది గాలెమ్మ కాదు. దాచకుండా తోలు తెచ్చింది గాలెమ్మ," అంది అంకమ్మ.

మర్నాడు సైకిలు మీద పోతూ పేరయ్యకి ఒక ఆలోచన వచ్చింది. మూడు మేకల్నీ గాలెమ్మకే ఇమ్మన్నది తనే కదా. ఇచ్చి ఉంటే ఆ గోనెసంచి ఎంత బరువుండేదో. సైకిలు ఇంకా గబగబా తొక్కాడు. కాలవపాలెం వెళ్ళి దీనమ్మ మేకల్ని చూశాడు. బాటపాలెం వెళ్ళి నాగూరమ్మ మేకల్ని చూశాడు. అన్నీ గంతులేస్తున్నాయి. అప్పుడు గానీ బొరుగులో అని అరవడానికి గొంతు లేవలేదు.

ఇంక మూడో ఏడు. అది కరువు ఏడు.

మబ్బు వచ్చేది, పోయేది. మెట్ట చేలు బీటలు తీశాయి. మేత లేదు. ఊళ్ళో వాళ్ళందరూ మేకల్ని సంతకి తోలారు. అందరూ ఒక్కసారే తోలితే ఏమవుతుంది? ధర పాతాళానికి పోయింది. వెంకటసుబ్బయ్య పొట్టేళ్ళు చెక్క ఖర్చుకి కూడా రాలేదు. చివరికి మూడోవంతుకి ఇచ్చేసి గజ్జెలు మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు.

ఉగాది దగ్గరికొచ్చింది. శెట్టి గారి గడువు దగ్గరికొచ్చింది. పోస్టాఫీసులో సొమ్ము చూస్తే బట్టీ ధరలో సగమే ఉంది. మిగతా సగం మేకల్లో ఉంది. మేకలకేమో ధర లేదు. ఉగాదికి ఇంకెన్నాళ్ళో పేరయ్య వేళ్ళ మీద లెక్కపెట్టుకునేవాడు. అమ్ముదామా అని అడిగితే అంకమ్మ ఇప్పుడు కాదంది. మరెప్పుడే, పొయ్యి పడగొట్టాకా అని ఆయన అరిచాడు. అరవని మనిషి అరిచేసరికి అంకమ్మ లేచి బట్టీకి పోయింది.

ఆ గురువారం పేరయ్య ఇంట్లో చెప్పకుండా బాటపాలెం పోయాడు. నాగూరమ్మ దగ్గర చూలు మేకని విప్పుకుని సంతకి తీసుకెళ్ళాడు. దోవంతా ఆ మేక ఆయన లుంగీ నములుతూనే నడిచింది.

సంతలో కాలు పెట్టడానికి చోటు లేదు. ఎటు చూసినా మేకల అరుపులే. కొనేవాడు ఒక్కడే, మన సైదులు. పేరయ్య వెళ్ళి చెయ్యి చాచాడు. సైదులు తువ్వాలు కప్పాడు. లోపల వేళ్ళు పట్టుకున్నాడు. రెండేళ్ళ కిందట ఆ చెయ్యి పేరయ్య వేళ్ళన్నీ కలిపి గట్టిగా పట్టుకున్న చెయ్యి. ఇవాళ ఒక్క చిటికెనవేలు పట్టుకుని వదిలేసింది.

పేరయ్య ఇచ్చేద్దామనే అనుకున్నాడు. ఎంతోకొంత వస్తుంది కదా అనుకున్నాడు. అప్పుడు సైదులు వెనకాల చూశాడు. తాళ్ళు కట్టిన దొడ్డి నిండా ఈనే మేకలు. అన్నీ ఆ పొద్దున కొన్నవే.

"సైదులూ, ఊరంతా వద్దని తోలేస్తుంటే నువ్వెందుకు కొంటున్నావయ్యా?" అని అడిగాడు.

సైదులు నవ్వాడు. ఆయన చెడ్డవాడేం కాదు చిట్టీ, బేరగాడు, అంతే. అడిగితే నిజమే చెప్పాడు.

"వాన ఎప్పటికీ రాకుండా పోతుందా బావా?"

పేరయ్య తువ్వాలు కింద నుంచి చెయ్యి లాగేసుకున్నాడు. మేక తాడు చేతికి చుట్టుకున్నాడు. ఎవరు పిలుస్తున్నా వెనక్కి చూడకుండా సంత దాటాడు. నేరుగా కాలవపాలెం నడిచాడు. అక్కడ కాలవ ఎండినా దాని అడుగున ఇంకా తడి ఉంది, గట్టు వెంబడి ఇంత పచ్చిక ఉంది. దీనమ్మని బతిమాలి మేకని అక్కడ కట్టించాడు. వెంట తెచ్చుకున్న మూట బొరుగులు కూడా ఆవిడకే ఇచ్చేశాడు.

ఇంటికొచ్చి, జరిగిందంతా అంకమ్మకి చెప్పేశాడు. తిడుతుందనుకున్నాడు. ఆవిడ ఒక్కటే అడిగింది, దోవలో మేకకి నీళ్ళు పట్టావా అని.

ఆ తర్వాత ఉగాది వచ్చింది. ఇద్దరూ స్నానాలు చేసి శెట్టి గారింటికి పోయారు. అక్కడ అరుగు మీద వెంకటసుబ్బయ్య ముందే కూర్చుని ఉన్నాడు. ఈసారికి చేతిలో ఏమీ లేదు, వచ్చే ఏడు ఇస్తాను, షెడ్డు నాకే ఉంచమని అడుగుతున్నాడు. శెట్టి గారి మొహం వాడిపోయి ఉంది. మోకాళ్ళ వైద్యానికి ఆయనకి సొమ్ము ఇప్పుడు కావాలి. కరువులో కొనేవాళ్ళెవరు? సొమ్మున్న వాళ్ళెవరు?

అంకమ్మ చెంగు విప్పి పోస్టాఫీసు సొమ్ము అరుగు మీద పెట్టింది. మెరకపాలెంలో ఆ పూట అంత రొక్కం ఇంకెవరి దగ్గరా లేదు. ఊరికే మగ్గిపోతుందన్న సొమ్మే అది. పేరయ్య దాన్ని కళ్ళప్పగించి చూశాడు.

చూసి, అంకమ్మ చెవిలో గుసగుసలాడాడు. ఇంకెవరూ లేరే, సగం ధరకే అడుగు, దిగుతాడు అన్నాడు. అంకమ్మ చెవి దగ్గర ఈగ తోలినట్టు ఆయన్ని తోలేసింది.

"శెట్టి గారూ, ఆనాడు చెప్పిన ధరకి మీరు మూడేళ్ళు నిలబడ్డారు. కరువని నేను తగ్గించమనను. సగం ఇది. మిగతా సగం తీరేదాకా బట్టీని నాకు పాలికివ్వండి. రోజూ వేయించిన దాంట్లో సగం మీ ఇంటికి వస్తుంది."

మేకల్ని పాలికిస్తారని శెట్టి గారికి తెలుసు, గేదెల్ని ఇస్తారని తెలుసు. పొయ్యిని పాలికి అడిగిన వాళ్ళని ఇన్నేళ్ళ బతుకులో చూడలేదు. ఆ తర్వాత శెట్టి గారు మొలతాడుకి కట్టుకున్న తాళంచెవి విప్పాడు. అది ఆయన ఒంటి మీద నుంచి దిగడం ఊళ్ళో అంతకుముందు ఎవరూ చూడలేదు.

"పోమ్మా. పోయి నీ పొయ్యి ముట్టించుకో," అన్నాడు.

నీ పొయ్యి అన్నాడు చిట్టీ. విన్నావా? నీ పొయ్యి అన్నాడు.

ఆ ఏడు వాన ఆలస్యంగా వచ్చినా గట్టిగా వచ్చింది. గట్లన్నీ పచ్చబడ్డాయి. కాలవపాలెంలో చూలు మేక జంట పిల్లల్ని పెట్టింది. గుట్టకిందపల్లెలో గాలెమ్మ మేక కూడా ఈనింది. కరువులో ఊళ్ళన్నీ మేకల్ని తెగనమ్ముకున్నాయి కదా, ఇప్పుడు మేకపిల్ల కావాలంటే దొరకడం లేదు. ధర లేచింది. అంకమ్మ పెరిగిన మగపిల్లల్ని నింపాదిగా, ఒకసారి కొన్ని, ఇంకోసారి కొన్ని అమ్మించింది. తల్లులన్నీ ఉన్నచోటే ఉన్నాయి. శెట్టి గారి సగం కూడా తీరిపోయింది. తీరిన రోజున బట్టీ ముందు నీళ్ళు చల్లి ముగ్గేసి, మూకుడుకి బొట్టు పెట్టింది.

మరి పేరయ్య ఏం చేశాడు?

ఏం చేస్తాడు, మూటగట్టుకుని సైకిలెక్కాడు. బాటపాలెం నడివీధిలో ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. అంకమ్మ బట్టీ బొరుగులో, మా అంకమ్మ సొంత బట్టీ బొరుగులో అని అరిచాడు. ఆ అరుపుకి పూరిపాకల మీద పిచ్చుకలు లేచాయి. ఆడవాళ్ళు చేటలు పట్టుకుని బయటికొచ్చారు. ఎవరి బట్టీ అని అడిగారు. అడిగిన వాళ్ళకి అడిగినట్టు మొదటినుంచీ చెప్పాడు. సంత చెప్పాడు, సైదులు తువ్వాలు చెప్పాడు, శెట్టి గారి తాళంచెవి చెప్పాడు. తను చూలు మేకని తోలుకెళ్ళిన సంగతి కూడా దాచకుండా చెప్పాడు. మూట విప్పడం మాత్రం మర్చిపోయాడు.

నాగూరమ్మ చేట నడుముకి ఆనించుకుని నిలబడి నిలబడి విసిగిపోయింది.

"ఏమయ్యోయ్ పేరయ్యా, బొరుగులు అమ్మడానికొచ్చావా, పెళ్ళాన్ని పొగడ్డానికొచ్చావా?"

పేరయ్య మూట విప్పుతూ, మీసం కింద నవ్వుకుంటూ అన్నాడూ...

"బొరుగులకి డబ్బులమ్మా. పొగడ్త ఊరికే."

మేకలు మేతకి, బొరుగులు మూటకి,
పేరయ్య ఊరికి, అంకమ్మ బట్టీకి,
కథ నడిచె కంచికి, కునుకొచ్చె కంటికి.